హోరులో కబుర్లు

జూన్ 7

నిన్నటి పెళ్లిలో తప్పు మైకుది. నాది కాదు.

పురోహితుడి ముందు పెట్టిన మైకు స్పీకరుకి దగ్గరైపోయి కూత వేసిందట. వేసింది అనకుండా వేసిందట అని ఎందుకు రాస్తున్నానంటే, అప్పుడు నేను మిక్సరు దగ్గర కూర్చుని పెళ్లికూతురి మేనమామతో మాట్లాడుతున్నాను. తలెత్తి చూస్తే పందిట్లో అందరూ రెండు చెవులూ మూసుకుని ఉన్నారు. పెళ్లికొడుకు కూడా. ఒక్కో ఊళ్లో ఒక్కో ఆనవాయితీ ఉంటుంది, ఇదేదో వీళ్ల శాస్త్రం కాబోలు అనుకున్నాను. మర్యాదగా ఉంటుందని నేనూ మూసుకున్నాను.

నవీన్ పరిగెత్తుకొచ్చి మిక్సరు మీద శబ్దం తగ్గించే బిరడా తిప్పేశాడు. "ఇనపడలేదేటి నాన్నా నీకు? ఊరూరంతా సెవులు మూసుకున్నాది!"

"ఇనపడింది. ఎక్కడ్నించి వస్తన్నాదో సూస్తన్నాను" అన్నాను.

వాడు నా మొహంలోకి చూసి, తనే వెళ్లి మైకుని పక్కకి జరిపాడు. నన్ను జరపమని ఉంటే బాగుండేది. వాడు పుట్టకముందు నుంచీ పాతపట్నంలో జగన్నాధం మైకు సెట్టు అంటే నేనే.

జూన్ 8

ఇకనుంచి మిక్సరు దగ్గర నవీన్ కూర్చుంటాడట. నేను వైర్లు చుట్టాలట.

జూన్ 10

ఈమధ్య జనం నోరు తెరిచి మాట్లాడటం మానేశారు. అందరూ పెదాల చివర గొణుగుతున్నారు. టీ కొట్టువాడు, బస్టాండులో కండక్టరు, ఆఖరికి నా కొడుకు.

మా ఆవిడ నారాయణమ్మ ఒక్కతే గట్టిగా మాట్లాడేది. ఎంత గట్టిగా అంటే, పొద్దున్న నేను అరుగు మీద పేపరు చూస్తుంటే వంటింట్లోంచి కేకేసింది. "ఓ బావా! కడుపు కదిలిందా లేదా? రాత్రి ఇచ్చిన పొడి ఏసుకున్నావా?"

నేను జవాబు చెప్పేలోపు ఎదురింటి గున్నమ్మ తన అరుగు మీంచి అందుకుందట. "నిన్నా లేదంట కదే పాపం, ఆముదం పట్టించు." ఈ మాట నారాయణమ్మే తర్వాత నా చెవి దగ్గర అరిచి చెప్పింది. చెబుతూ ఏడుపు మొహం పెట్టింది.

మునుపు మా ఇద్దరికీ మాటలంటే మాటలు కావు. మేనత్త కూతురు కదా, పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటు. మంచమ్మీద వాలాక ఊళ్లో ఎవరింట్లో ఏ గిన్నె బోర్లా పడిందో అంతా గుసగుసగా చెప్పేది. ఇప్పుడు అన్నం, నీళ్లు, గొడుగు. అంతే. వయసు వస్తే ఆడవాళ్లకి మాట తగ్గిపోతుందేమో.

జూన్ 12

వంటింట్లో తల్లీ కొడుకూ ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్లేసరికి ఆపేశారు. సెట్టు అమ్మేస్తారేమో. నన్ను ఇంట్లో కూర్చోబెట్టేస్తారేమో.

జూన్ 15

ఎంత రాయాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు!

నిన్న అమ్మవారి సంబరం. మా స్పీకరు పెట్టెలు ఎనిమిదీ ఒకేసారి మోగుతున్నాయి. గుండెల మీద కొట్టినట్టు తెలుస్తోంది నాకు. లైటింగు వాళ్లు ఈసారి కొత్త. దేవేంద్ర అని, పాతికేళ్లు దాటిన కుర్రాడు, పుట్టుకతోనే వినపడదు. పెళ్లాం అనితకి వినపడుతుంది, మాట్లాడుతుంది. పర్లాకిమిడి పిల్ల. వాడు వెదురు గోపురం మీద కూర్చుని రంగుబల్బుల తోరణాలు కడుతున్నాడు. ఆమె కింద జనరేటరు దగ్గర ఉంది. మధ్యలో మూడొందల మంది ఎగురుతున్నారు.

వాళ్లిద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారు!

వాడు పైనించి చేతులు ఆడించాడు, ఆమె ఒక తీగ పీకేసింది. ఆమె ఏదో అడిగింది, వాడు పొట్ట తడిమి ఇంకా లేదన్నట్టు మొహం పెట్టాడు. అన్నం సంగతి, నాకే తెలిసిపోయింది. తర్వాత వాడు జనంలో తీన్మారు వేస్తున్న ఒక లావుపాటి పెద్దమనిషిని చూపించి బుగ్గలు పూరించి ఏదో అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, మా సర్పంచి బావమరిది అతను.

చుట్టూ చూశాను. చెవులున్న వాళ్లందరూ ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి, మెడనరాలు తేలేలా అరుస్తున్నారు. "ఏటీ? ఏటీ?" అని మొహాలు. నవీన్ నా దగ్గరకొచ్చి అరిచాడు, నాకు తెలియలేదు. వైర్లు మోసే కుర్రాడు అరిచాడు, నవీన్‌కి తెలియలేదు. ఆ హోరులో తీరిగ్గా మాట్లాడుకున్నవాళ్లు ఆ ఇద్దరే.

ఇన్నాళ్లూ ఇది నా కంట ఎలా పడలేదు!

జూన్ 17

బస్టాండు వెనక దేవేంద్ర వాళ్ల గదికి వెళ్లాను. ఆ చేతుల మాట నాకు నేర్పమన్నాను.

"ఎవరి కోసం మావయ్యా?" అంది అనిత, నాకు కనపడేలా నిదానంగా, నోరు బాగా తెరిచి. ఈ పిల్ల మాట నాకు పొల్లు పోకుండా తెలుస్తుంది.

"వ్యాపారానికి. మోత మీద మా కుర్రాళ్లకి పనులు సెప్పాల కదా."

దేవేంద్ర నన్ను చూసి, తన చెవి చూపించి, నా చెవి చూపించి ఏదో అన్నాడు. అనిత వాడి చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"ఏటన్నాడు?"

"ఏటీ లేదు మావయ్యా. వ్యాపారానికే నేర్పుతామన్నాడు."

జూన్ 21

వేళ్లు కర్రల్లా ఉన్నాయి. కానీ అసలు కష్టం వేళ్లతో కాదు, మొహంతో. నేను "అన్నం తిన్నావా" అని చేసి చూపిస్తే దేవేంద్ర తెల్లబోయాడు. కనుబొమలు కదపకపోతే అది ప్రశ్న కాదట, "నువ్వు అన్నం తిన్నావు" అని నేనే తీర్పు చెప్పినట్టు. అరవై దాటాక కనుబొమలు ఆడించడం నేర్చుకుంటున్నాను. అద్దం ముందు నిలబడితే నారాయణమ్మ తొంగి చూసి, దిష్టి తగిలిందేమో అని ఉప్పు పట్టుకొచ్చింది.

ఊరికే సైగలనుకున్నాను. కాదు. మాటకో వరస ఉంది, యాస ఉంది. విజయనగరం వాళ్లు ఒకటి రెండు మాటలకి చెయ్యి వేరేగా తిప్పుతారట. దేవేంద్ర దాన్ని చేసి చూపించి వెక్కిరించాడు. చేతుల్లో కూడా యాసని వెక్కిరించుకోవడం ఉందంటే ఇక భాష కాక ఏమిటి!

జూన్ 26

ఎన్ని సుఖాలో దీంట్లో. నోటినిండా పెసరట్టు ఉన్నా మాట ఆగదు. ఇవాళ దేవేంద్ర రోడ్డుకి అటు, నేను ఇటు. మధ్యలో ఒడిశా లారీలు వరసగా పోతున్నాయి. లారీకీ లారీకీ మధ్య సందులో బేరం మొత్తం తేల్చేశాం. గ్రంథాలయంలో "నిశ్శబ్దం" అని బోర్డు పెట్టిన బల్ల దగ్గరే కూర్చుని ఇద్దరం నవ్వుకున్నాం. లైబ్రేరియన్ ఏమనాలో తెలియక అటూ ఇటూ తిరిగాడు.

చిక్కు కూడా ఉందనుకో. చేతిలో పెట్టె ఉంటే మనిషి మూగవాడైపోతాడు. బండి తోలుతున్నప్పుడు దేవేంద్రని ఏదో అడిగితే వాడు హ్యాండిలు వదిలేశాడు. మెళియాపుట్టి రోడ్డులో చెరువు గట్టు దాకా వెళ్లి ఆగాం.

నాకు పేరు పెట్టాడు కూడా. చెవి పక్కన రెండు వేళ్లతో బిరడా తిప్పినట్టు. మైకు సెట్టువాడిని కదా, అందుకు.

నారాయణమ్మకి చెప్పాను, నువ్వూ నేర్చుకో అని.

"నీకేటి, పిచ్చి గానీ పట్టిందా బావా? అరుగు మీద కూకుని సేతులూపుకుంటే ఊరేటనుకుంటాది? సెవుడొచ్చేసింది అనుకుంటారు!"

"వ్యాపారానికే అని సెప్తన్నాను కదే."

"అయితే ఎల్లి వ్యాపారంతో మాటాడుకో."

జులై 2

జూనియర్ కాలేజీ ఫంక్షను. నవీన్‌కి నాలుగు మాటలు నేర్పాను. బేసు తగ్గించు, గొంతు పెంచు, ఆపు, బాగుంది. వాడు వేదిక పక్కన మిక్సరు దగ్గర, నేను మైదానం చివర ఆఖరి వరసలో. స్పీకరు మీద అరచెయ్యి పెడితే బేసు ఎంతుందో నాకు చెవికన్నా బాగా తెలుస్తుంది. అక్కణ్ణుంచే చేత్తో చెప్పాను. వాడు తిప్పాడు. బాగుందన్నాను. వాడు బొటనవేలెత్తి పళ్లికిలించాడు.

సామాన్లు ఎక్కిస్తూ నా ముందుకొచ్చి నిలబడి చెప్పాడు. "ఫోన్ కన్నా ఇదే నయం నాన్నా. వినాయకుడి పండక్కి పందిళ్లన్నిటికీ నువ్వు ముందర నిలబడాల. నేను ఎనకాల్నించి సూసుకుంటాను."

వైర్లు చుట్టమనలేదు. నేనే చుట్టాను, సంతోషంగా.

జులై 4

నారాయణమ్మ అనిత ఇంటికి వెళ్లింది. ఆవకాయ కొలత చెప్పడానికట.

జులై 6

మళ్లీ ఆవకాయ.

జులై 8

ఆవకాయ పెట్టే రోజులు ఎప్పుడో అయిపోయాయి కదా అంటే, మాగాయ అంది.

జులై 10

నవీన్ పెదాల మీద "శ్రావణి" అన్న మాట చూశాను. తల్లీ కొడుకూ నన్ను చూడగానే మళ్లీ ఆపేశారు. అంటే సెట్టు గురించి కాదు. మా అమ్మాయి గురించి.

విజయనగరంలో ఉంటుంది శ్రావణి. పెళ్లయి ఏడేళ్లు. కడుపు నిలవడం లేదు. రెండుసార్లు అలా జరిగింది. రెండోసారి మేము వీధివీధంతా మిఠాయి పంచాక జరిగింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి ఓదార్చి వెళ్లారు. ఆ ఓదార్పే నారాయణమ్మని ఎక్కువ కుంగదీసింది. అత్తవారు ఏమైనా అంటున్నారా? అల్లుడు మంచివాడే. మంచివాళ్లకి కూడా ఏడేళ్లు ఎక్కువే.

"ఏటైంది అమ్మాయికి?" అని నారాయణమ్మని నిలదీశాను.

నోరు తెరిచింది. వీధిలోకి చూసింది. గున్నమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. నారాయణమ్మ నోరు మూసేసింది. "తర్వాత" అంది.

ఫోను చేశాను శ్రావణికి. ఈ సిగ్నలు ఒకటి, చేపల బజారులా గోల తప్ప ఏమీ రాదు.

జులై 11

మళ్లీ చేశాను. సిగ్నలు బాగులేదు.

జులై 13

వర్షం. నేను తడిసి ముద్దయి వచ్చి, తల కూడా తుడుచుకోకుండా రాస్తున్నాను. కాగితం మీద చుక్కలు పడుతున్నాయి. పడనీ.

పొద్దున్నే నారాయణమ్మ సంచి సర్దుకుంది. విజయనగరం వెళుతున్నానంది. ఎందుకంటే "ఊరికే" అంది. సంచిలో సున్నుండల డబ్బా పెట్టుకుని ఊరికే వెళ్లేదేమిటి? గొడుగు పట్టుకుని బస్టాండు దాకా వెళ్లాను. దారంతా అడిగాను. దారంతా మనుషులే, ఆమె నోరు విప్పలేదు.

శ్రీకాకుళం బస్సు. కిటికీ పక్కన సీటు దొరికింది. వాన జల్లు కొడుతోందని అద్దాలన్నీ బిగించేశారు. బస్సు నిండా మన ఊరివాళ్లే, ఆమె పక్కన గున్నమ్మ మేనకోడలు. ఇంజను మొదలైంది. నేను అద్దం మీద కొట్టి అరిచాను. "ఏటైందే శ్రావణికి? సెప్పి ఎల్లు!"

నారాయణమ్మ అటూ ఇటూ చూసింది. పైట చెంగు నడుములో దోపుకుంది. ఒళ్లోని సంచి కింద పెట్టింది.

చేతులెత్తింది.

ముక్కుపుడక దగ్గర వేలు పెట్టింది. ఆడపిల్ల. తర్వాత, మన. పలక మీద అక్షరాలు దిద్దే పిల్లలా, ఒక్కొక్కటీ పూర్తిగా చేసి, నాకు తెలిసిందా అని చూసి, అప్పుడు తర్వాతది. మన ఆడపిల్ల. కడుపు. మూడు.

నొప్పా, అని చేశాను. ఆస్పత్రా?

నుదురు కొట్టుకుంది. కాదు కాదు కాదు. రెండు చేతులూ కలిపి ఒళ్లో బిడ్డని ఊపినట్టు ఊపింది. మళ్లీ మూడు వేళ్లు. నెల. నెల. నెల. డాక్టరు చూశాడు, బాగుంది. ఇక్కడ ప్రశ్న అనిపించకుండా కనుబొమలు కదపనే లేదు!

గొడుగు ఎక్కడ పడిపోయిందో తెలియదు.

నాకెందుకు చెప్పలేదు, అన్నాను.

నోటి మీద చెయ్యి పెట్టి, అక్కణ్ణుంచి వీధి పొడుగునా, బస్టాండు పొడుగునా చెయ్యి చాపింది. ఎలా చెప్పను? అరవాలి. ఊరంతటికీ. ఆ తర్వాత పిడికిలి బిగించి పెదాలకి తాళం వేసింది. ఎవరికీ వద్దు.

వద్దు, అన్నాను. తాళం, అన్నాను.

గున్నమ్మ మేనకోడలు ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. ముక్క అర్థమైతే ఒట్టు. బస్సు కదిలింది. పక్కనే పరిగెత్తాను. అరవయ్యేళ్లు దాటినవాణ్ణి, మలుపు దాకా పరిగెత్తాను!

బస్సు మలుపు తిరిగాక, వానలో నిలబడి ఉండగా తట్టింది నాకు. ఈవిడ ఎక్కడ నేర్చుకుంది?

ఆవకాయ!

జులై 14

ఎవరికీ చెప్పలేదు.

జులై 15

ఎవరికీ చెప్పలేదు. నవీన్‌ని కౌగిలించుకున్నాను. వాడికి ముందే తెలుసు కాబట్టి అది చెప్పడం కింద రాదు.

జులై 16

దేవేంద్రకి చెప్పాను. నోటితో కాదు. వాడు బస్టాండులో కనపడి, ఏమిటంత వెలిగిపోతున్నావని అడిగాడు. చేతులు వాటంతటవే లేచాయి. అయినా దీంట్లో చెబితే ఊళ్లో ఎవరికి అర్థమవుతుంది? చెప్పనట్టే లెక్క.

జులై 18

నవీన్ ఫోనులో నారాయణమ్మ మెసేజి. "రేపు వస్తన్నాను. మీ నాన్నని ఇంటికాడ ఉండమను."

జరిగిందేమిటంటే, దేవేంద్ర ఆ సాయంత్రమే వీడియో కాల్లో బొబ్బిలిలో స్నేహితుడికి చెప్పాడట. బొబ్బిలి వాడు పలాసకి చెప్పాడు. పలాస నుంచి విజయనగరం. అక్కడ శ్రావణి వాళ్ల సందు చివర జాకెట్లు కుట్టే రాణికి వినపడదు. నిన్న పొద్దున్న ఆమె అరటిపళ్లూ పూలూ పట్టుకుని శ్రావణి గుమ్మం ముందు నిలబడి, చెవి పక్కన బిరడా తిప్పి, ఒళ్లో బిడ్డని ఊపి, రెండు చేతులూ ఎత్తి దీవించిందట. బిరడావాడి కూతురా, శుభం అని.

మన ఊళ్లో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ మాట నారాయణమ్మకి చెప్పి చూడాలి.

జులై 19

వచ్చింది. సంచి అరుగు మీద పడేసింది. కాళ్లు కూడా కడుక్కోలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడింది.

రెండు చేతులతో తిట్టింది.

గుప్పెడు నోరు ఆగదా నీకు, అంది. నోటితో అనలేదు కదా అన్నాను. చేత్తో అంటే అనడం కాదా, అది మాట కాదా, మరి నేను ఇన్నాళ్లూ చచ్చీ చెడీ నేర్చుకున్నది ఏమిటి, అంది.

అక్కడితో ఆగలేదు. రెండేళ్లది ఉంది ఆమె దగ్గర. తన పెద్దమ్మ పోయిందని చెబితే నేను "మంచిది మంచిది" అని తలూపాను. ఒంట్లో బాగులేదంటే "బీరకాయా? తెస్తాలే" అన్నాను. రాత్రుళ్లు చెప్పే కబుర్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి, గోడకి చెప్పుకున్నాను, అంది. డాక్టరు మాట ఎత్తితే మైకుది తప్పన్నావు, సిగ్నలుది తప్పన్నావు, జనానిది తప్పన్నావు. నేను ఒక్కదాన్నీ ఉండిపోయాను బావా, అంది. బావా అన్నది మాత్రం నోటితో అంది.

నోటితో తిడితే పేపరు చూస్తూ వినొచ్చు, చెప్పులు వేసుకుంటూ వినొచ్చు. దీంట్లో ఆ వీలు లేదు. చూపు తిప్పితే మాట తెగిపోతుంది. నేను తిప్పలేదు. ఒకచోట అర్థం కాక, నిదానంగా, మళ్లీ ఒకసారి, అని అడిగాను. ఆగి, కళ్లు తుడుచుకుని, ఆ తిట్టే మళ్లీ నిదానంగా తిట్టింది.

నారాయణమ్మ ఇంత అందంగా మాట్లాడుతుందని మరిచిపోయాను. ముప్పై ఏళ్ల కిందటి మనిషి నా ఎదురుగా నిలబడినట్టుంది.

చివరికి అడిగింది. చెవి డాక్టరు. ఎప్పుడు?

సోమవారం, అన్నాను.

జులై 21

శ్రీకాకుళం వెళ్లొచ్చాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి ఏవో తగిలించారు. శబ్దం వినపడితే మీట నొక్కాలట. చాలాసేపు వాళ్లు ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను.

డాక్టరు నన్ను వదిలేసి నారాయణమ్మతో మాట్లాడుతుంటే ఆమె ఆయన్ని ఆపింది. "ఆయనకి సెప్పండి, నేను సేత్తో సెప్తాను" అందట. ఒక్కో ముక్కా నాకు చేత్తో అందించింది. ఇన్నేళ్ల మోత తినేసింది. పోయింది తిరిగి రాదు. మిషను పెడితే కొంత సాయం. ముందర దగ్గరి మాటలు తెలుస్తాయి, జనంలో కష్టమే. మిషను పెట్టుకుంటానన్నాను. చెవుడు అన్న మాట నాకు నేనుగా చేసి చూపించాను. డాక్టరుకి కాదు, ఆమెకి. అంత బరువేమీ లేదు ఆ మాట చేతుల్లో.

తిరుగు బస్సులో చోటు దొరికింది. వెనక ఎవడో ఫోనులో పాటలు పెట్టాడట, ముందర పసిపిల్ల ఏడుస్తోందట, బస్సంతా విసుక్కుంటున్నారని ఆమె చెబితే తెలిసింది. మాకేం. ఎదురెదురుగా తిరిగి కూర్చున్నాం. రెండేళ్ల ఊరి కబుర్లు మొదలెట్టింది. ఎవరి కోడలు పుట్టింటికి ఎందుకు పోయింది, ఎవరి పొలం గట్టు ఎవరు జరిపారు, ఎవరింట్లో వదినామరదళ్లకి పడటం లేదు. శ్రావణికి ఏం తినాలనిపిస్తోంది. పుట్టబోయేవాళ్లకి ముందు చేతులతో మాట నేర్పాలా, నోటితో నేర్పాలా. రెండూ, అన్నాను. కండక్టరు టిక్కెట్టు అడిగినా ఆపలేదు.

నరసన్నపేట దాటేసరికి వేళ్లు పీకుతున్నాయని విదిలించింది. ఇన్ని మాటలు ఒక్కరోజే ఆడితే పీకవా మరి. రెండు చేతులూ తెచ్చి నా ఒళ్లో పెట్టి, పట్టమంది. నేను రెండు చేతులతో పట్టుకుని ఒక్కో వేలూ నొక్కాను.

అలా పట్టుకున్నంతసేపూ ఇద్దరికీ మాటల్లేవు.

సారవకోట దగ్గర చేతులు విడిపించుకుని, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్లీ అందుకుంది.